ఇల్లు మునిగిన కథకి వంత ఎక్కడ?

యానిమేషన్‌లో నీళ్ళు చాలా అందంగా ఉంటాయి. నా గొడవంతా దాంతోనే.

మా విశాఖలో కొందరు మిత్రులు కలిసి ఒక చిన్న యానిమేషన్ సినిమా తీస్తున్నారు. పన్నెండు నిమిషాలది. సముద్రం ముందుకొచ్చి ఒక జాలరి ఇంటిని పట్టుకుపోయిన కథ. సంభాషణలుండవు, మొదటినుంచి చివరిదాకా పాటే, అదీ మన ఉత్తరాంధ్రలో జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథ బాణీలో. పాట రాసే పని నాకు పడింది. మా దర్శకుడు మంచి బొమ్మలు వేస్తాడు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ముందుగా చేసిన అర నిమిషం ముక్క చూపించాడు: తెల్లవారుజాము, ఇంటి గుమ్మంలోకి పల్చగా పాకుతున్న అల, దాని మీద లేత వెలుగు, తేలుతున్న ఒక గంప. గదిలో ఉన్నవాళ్ళందరం ఆహా అన్నాం. అన్నాక నాకొక అనుమానం పట్టుకుంది. ఇందులో ఇల్లు ఎవరైనా చూశారా? నీళ్ళు చూశాం. ఎంత బాగా గీశాడో చూశాం. ఇల్లు మాత్రం వెనకెక్కడో ఉంది.

ఇది అతని తప్పని అనను, పని జరిగే తీరే అలాంటిది. చేత్తో గీసే యానిమేషన్‌లో కదలనిదాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా ఒక్కసారి వేసి పక్కన పెట్టుకుంటారు, కదిలేదాన్ని మళ్ళీ మళ్ళీ గీస్తారు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, అంటే పన్నెండు నిమిషాలకి 8,640. అందులో నీళ్ళ వాటా చూడండి: అలకి ఒక బొమ్మ ఉన్నట్టు ఇంకో బొమ్మ ఉండదు, అంచు మారాలి, నురగ మారాలి, వెలుగు మారాలి. ఇల్లు ఒక్క పెయింటింగు. మనిషి శ్రమంతా నీళ్ళ మీద పడుతుంది కాబట్టి చూసేవాడి కన్నూ నీళ్ళ మీదే పడుతుంది. ఇల్లు పోయిన కథ చెబుతామని కూర్చుని, తెలియకుండానే నీళ్ళు వచ్చిన కథ చెప్పి లేస్తాం.

దానికి తోడు పాట కూడా ఒకే గొంతులో, ఒకే విషాదంలో సాగాలన్నాడు. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, కథకుడి పక్కన నిలబడి తందాన అంటూ మధ్యలో ప్రశ్నలేసే వంతలు వద్దు, 'తందాన' లేదు, ప్రశ్నలు లేవు. "కథ మునిగిపోతున్నప్పుడు పక్కన ఎవడో జోకులేస్తే మూడ్ పోతుంది గురూ," అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఇల్లు మునిగిన పాటలో వంత లేకపోతే మిగిలేది దుఃఖం ఒక్కటే, ఆ దుఃఖం ఎవరినీ ఏమీ అడగదు, చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోతారు.

అతను నా మీదకి విసిరే ఉదాహరణ ఒకటుంది, అది గట్టిదే. జపాన్ యానిమేటర్ కునియో కాటో 2008లో తీసిన పన్నెండు నిమిషాల సినిమా, 2009లో ఆస్కార్ కూడా వచ్చింది. నీళ్ళు పెరుగుతున్న కొద్దీ ఒక ముసలాయన ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ పైకి పోతుంటాడు. ఒకరోజు ఆయన పొగ తాగే పైపు నీళ్ళలో పడిపోతుంది, దానికోసం దిగితే ఒక్కో అంతస్తులో ఒక్కో వయసు జ్ఞాపకం. ఒక్క మాట లేదు. నీళ్ళు ఎందుకు పెరుగుతున్నాయో ఎవరూ చెప్పరు. చెప్పకపోయినా మనసు కరుగుతుంది. "చూశావా, ఎవడు కారణం అని అడిగాడా?" అంటాడు మావాడు.

అడగలేదు, అడగక్కర్లేదు కూడా. ఆ సినిమాలో నీళ్ళంటే వయసు. గడిచిపోయిన కాలం. కాలం ఎందుకు గడిచిందని నిలదీయడానికి దానికి ఆఫీసు లేదు కదా. మనం తీస్తున్నది అది కాదు. మనం చెప్పేది ఒక తీరంలో, ఒక పల్లెలో, ఒక ఇంటికి వచ్చిన నీళ్ళ సంగతి. ఆ నీళ్ళకి అడ్రసు ఉంది. తెలిసీ ఆ అడ్రసు చెరిపేసి దాన్ని విధి అనో ప్రకృతి అనో పాడితే నాకు మాత్రం అది దాచిపెట్టడం కిందే లెక్క.

విశాఖ సంగతే తీసుకుందాం. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట ఉండదు, నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి తెస్తాయి, ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దక్షిణం నుంచి వచ్చే ఇసుక వస్తూ ఉంటే, ఉత్తరానికి పోయేది పోతూ ఉంటే, బీచ్ ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో అడ్డుకట్ట పడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తరిగిపోతుంది. ఇది ఇంజినీర్లకి మొదటినుంచీ తెలుసు. 1933లో తెరిచిన మొదటి హార్బరు రోజుల్లోనే ఇసుకని ఆపడానికి కాలువ మొగ దగ్గర రెండు పాత ఓడల్ని కావాలని ముంచి కట్టగా వాడారు. ఇసుక కోసం ఓడలు ముంచిన ఊరు మనది! ఏ జానపదుడు కల్పించగలడు ఇంతకన్నా మంచి కథ? తర్వాత 1976 నాటికి ఔటర్ హార్బరు, దాని పొడవాటి రాళ్ళ కట్టలు వచ్చాయి. అక్కడ ఆగిన ఇసుకని తవ్వి, పైపుల్లోంచి ఆర్కే బీచ్ మీద పోయడం చాలా ఏళ్ళుగా సాగుతున్న పని. అంటే మనం సాయంత్రాలు మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చునే ఇసుకలో కొంత డ్రెడ్జర్ పెట్టిన భిక్షే.

ఆర్కే బీచ్‌కి ఇసుక పోస్తారు, ఎందుకంటే అక్కడ హోటళ్ళున్నాయి, రోడ్డుంది, టూరిస్టులున్నారు. అక్కడ పోసిన ఇసుక కూడా మెల్లగా ఉత్తరానికి నడుస్తుందనుకోండి, కొంత మేలు పల్లెలకీ జరుగుతుంది. కానీ ఎక్కడ పోయాలి, ఎంత పోయాలి అని నిర్ణయించేటప్పుడు తాటాకు ఇంటివాడి మాట ఎవరూ అడగరు. 2021లో జాలరిపేట దగ్గర అలలు ఇసుకని కోసేస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకరొకటి బయటపడింది. జనం సెల్ఫీలకి ఎగబడ్డారు. మంచిదే, చరిత్ర కదా. ఒక బంకరు బయటపడిందంటే దాని మీద అన్నేళ్ళు కప్పుకుని ఉన్న ఇసుక పోయిందని, ఆ ఇసుకే పక్కనున్న వలల పాకలకి గోడ అని, ఆ వార్తల్లో నాకెక్కడా కనిపించలేదు.

ఇక్కడో మాట చెప్పాలి, లేకపోతే నేను సులువుగా తప్పించుకున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో అన్నం ఉడికింది హార్బరు జీతంతోనే. అంతెందుకు, జాలర్ల మరబోట్లు తుపాను రోజుల్లో తలదాచుకునే ఫిషింగ్ హార్బరు కూడా ఆ రాళ్ళ కట్టల చాటునే ఉంది. కాబట్టి విలన్ని చూపించి చేతులు దులుపుకునే కథ ఇది కాదు. అందుకే నాకు వంత కావాలంటున్నాను. విలన్ ఉంటే కథకుడు ఒక్కడే సరిపోతాడు, వేలు చూపించి తిడతాడు. విలన్ లేనప్పుడే, లాభం ఒకడికీ నష్టం ఇంకొకడికీ పంచిన లెక్క ఉన్నప్పుడే, పక్కన నిలబడి "ఆగన్నా, ఇదేటి?" అని అడిగేవాడు కావాలి.

ఇంకొంచెం కిందకి వెళ్తే ఉప్పాడ ఉంది. పట్టుచీరలకి పేరున్న ఊరు, సముద్రం ఏటా కొరుక్కుతింటున్న ఊరు. ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి, రోడ్డు కోతపడినప్పుడల్లా బండరాళ్ళు పోస్తారు, పెద్ద పెద్ద ఇసుక గొట్టాలు కూడా పేర్చి చూశారు. నదుల మీద ఆనకట్టలు కట్టాక గోదావరీ కృష్ణా సముద్రానికి మోసుకెళ్ళే ఒండ్రు బాగా తగ్గిపోయింది, ఒండ్రు రాకపోతే డెల్టా కుంగుతుంది, తీరం వెనక్కి జరుగుతుంది. వీటన్నిటి మీదా అసలు సముద్రమట్టమే పెరుగుతోంది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచం మొత్తం మీద సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సంఘం ఐపీసీసీ లెక్క, 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. జానెడంత పెరుగుదల ఇల్లు ముంచదు. కానీ అదే జానెడు తుపాను రోజున ఉప్పెన మీదకెక్కి గుమ్మం దాకా వస్తుంది.

ఇక గోదావరి పైకి వెళ్తే నీళ్ళ అడ్రసు ఇంకా స్పష్టం, సర్వే నంబర్లతో సహా ఉంటుంది. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ముందు 41.15 మీటర్ల దాకా ఒక దశ అన్నారు, ఆ గీత లోపలున్న ఊళ్ళకి ముందు పునరావాసం, పైనున్నవాళ్ళకి తర్వాత. కాగితం మీద గీత బాగానే ఉంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది, 1986 తర్వాత అంత నీరు చూడలేదు. కాగితం మీద గట్టున ఉన్న ఊళ్ళలోకి కూడా నీళ్ళొచ్చాయి. జముకుల కథలో వంత ఇక్కడ ఒక్క మాటంటే చాలు: "నీళ్ళకి సర్వే రాదేటన్నా?" నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే మొత్తం పాలనా వ్యవహారం అర్థమవుతుంది. ఒకే గొంతు విషాదగీతంలో ఈ ముక్క ఎక్కడ పెడతారు? పెట్టలేరు. '41.15 మీటర్లు' అనే మాట ఏ శోకరాగంలోనూ ఇమడదు. వంత నోట్లో మాత్రం చక్కగా ఇముడుతుంది.

విశాఖ వాళ్ళం మనం ఈ నీళ్ళకి బయట కూడా లేము. నగరానికి తాగునీరు తాటిపూడి నుంచి, రైవాడ నుంచి, మేహాద్రిగెడ్డ నుంచి వస్తుంది, ఏలేరు కాలువ నుంచి ఉక్కు ఫ్యాక్టరీకీ ఊరికీ కలిపి వస్తుంది. ఏజెన్సీలో ముంచింగిపుట్టు అవతల జోలాపుట్టు జలాశయం ఉంది, 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది ఆ నీటితోనే. ప్రతి జలాశయం అడుగునా ఎవరివో పొలాలు, ఎవరివో గట్లు, కొన్నిచోట్ల ఊళ్ళే ఉన్నాయి. ఉదయం కుళాయి తిప్పినప్పుడల్లా ఏడవమని నేను చెప్పడం లేదు. ఇల్లు మునిగిన సినిమాని బీచ్ రోడ్డులో ఏసీ హాల్లో చూస్తున్న మనకి ఆ కథతో చుట్టరికం ఉందని తెలిస్తే చాలు, అది తెలియాలంటే ఎవరో ఒకరు కథ ఆపి మన వైపు తిరగాలి.

అలా తిరిగేవాడు మన కళల్లో ఎప్పట్నుంచో ఉన్నాడు. బుర్రకథలో మధ్యన తంబూరాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు, ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. వీరగాథ జోరుగా నడుస్తుంటే హాస్యగాడు అడ్డొచ్చి ఓ వెర్రి ప్రశ్న వేస్తాడు, రాజకీయం చెప్పేవాడు దాన్ని ఆ రోజు ఊళ్ళో జరుగుతున్న దానికి ముడిపెడతాడు, మళ్ళీ కథ అందుకుంటారు. తోలుబొమ్మలాటలో సీత ఏడుస్తున్న చోటే కేతిగాడూ బంగారక్కా దూరి రచ్చ చేస్తారు. అన్నట్టు తోలుబొమ్మ అంటే ఏమిటి? కీళ్ళు అతికించిన కటౌట్ బొమ్మని తెర మీద కదిలించడం. యానిమేషన్ చదువుకున్న పిల్లలు కటౌట్ పద్ధతి అని ఇంగ్లీషులో నేర్చుకునేది మన ఊరి రాములవారి గుడి ముందు పాత పంచె మీద రాత్రంతా ఆడినదే. అంటే కదిలే బొమ్మా, కథకి అడ్డొచ్చే కేతిగాడూ మనకి కలిసే వచ్చారు. వాళ్ళలో బొమ్మని ఉంచుకుని కేతిగాణ్ణి బయటికి గెంటేస్తానంటే ఎలా?

జముకు సంగతి ఇంకా ఆసక్తికరం. గుల్లగా ఉన్న వాయిద్యం, ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ. తీగని బిగిస్తూ వదులుతూ మీటితే స్వరం జారుతుంది, పైకి పోతుంది, కిందకి దిగుతుంది. దగ్గర్లో విన్నవాళ్ళకి తెలుసు, అది ఏడుస్తున్నట్టూ వెక్కిరిస్తున్నట్టూ రెండు రకాలుగానూ వినిపిస్తుంది. 1960ల చివర శ్రీకాకుళ ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే ఎంచుకుని పల్లెల్లో తిరిగాడు. మన షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఇదే నేల యాసని రాష్ట్రమంతా వినిపించాడు. వీళ్ళెవరూ జానపదాన్ని మ్యూజియం వస్తువులా పట్టుకోలేదు.

మా దర్శకుడి అసలు భయం నాకు తెలుసు, అది కొట్టిపారేసేది కూడా కాదు. వంతని పెడితే సినిమా కరపత్రం అయిపోతుందని అతని టెన్షన్. నిజమే, ఉద్యమాల్లో పుట్టిన కథలు కొన్ని రెండో చరణం నుంచే నినాదాలైపోయాయి, వాటిని ఇప్పుడు వింటే అప్పటి వేడి మిగలదు, మాటల బరువు మాత్రం మిగులుతుంది. కానీ అక్కడ జరిగిందేమిటో గమనించండి: వంత కూడా కథకుడి మాటే మాట్లాడటం మొదలుపెట్టాడు. ముగ్గురూ ఒకే పాఠం అప్పజెబుతున్నారు. వంత పని పాఠం చెప్పడం కాదు. వాడికి ఏమీ తెలియదు, తెలియనివాడిలా అడుగుతాడు, కొన్నిసార్లు అసందర్భంగా అడుగుతాడు. ఉపన్యాసం రాకుండా ఆపేవాడు వాడే. నేను రాసిన ముక్క ఇలా ఉంది, యాస సరిచూడాల్సి ఉంది, ప్రస్తుతానికి చదవండి:

గడప తాకి గంగ వచ్చె, గంప తేలి గుమ్మమెక్కె...

"ఆగన్నియ్యా, ఆగు. గంగ ఇన్నాళ్ళూ ఎక్కడున్నాది?"

"ఇసక అవతల ఉండేది తమ్ముడా."

"ఆ ఇసకేటైనాది?"

"దచ్చినాన రాళ్ళకట్ట కాడ ఆగిపోనాది."

"కట్ట ఎవులేసినారు?"

"ఓడలు రావాలని ఏసినారు."

"ఓడలు మనయేనా?"

"మన ఊరియే గాని మనయి గావు తమ్ముడా..."

గంప తేలి, బిందె తేలి, వలల మూట తేలె...

అంతే, ఏడెనిమిది మాటలు, మళ్ళీ పాట అందుకుంది. ఎవర్నీ తిట్టలేదు, ఏ ప్రభుత్వం పేరూ రాలేదు. దీన్ని కరపత్రం అంటే నేనేం చెప్పను?

మావాడి మొదటి స్క్రిప్టులో కారణం లేదని కాదు, ఉంది: గంగమ్మ తల్లికి కోపమొచ్చింది. తనది తను తీసుకుపోయింది. చాలామంది కళాకారులకి ఇది జానపదం అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది పల్లెవాళ్ళని మరీ అమాయకులుగా ఊహించడం అనిపిస్తుంది. భీమిలి వైపు ఒక పల్లెలో ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దామెని అడిగాను, ఇల్లెందుకు పోయిందమ్మా అని. "తల్లికి మొక్కు బాకీ ఉండిపోనాది బాబూ," అంది. నేను నోట్ చేసుకుంటున్నాను. వెంటనే, చేప తిరగేస్తూనే, ఆ గొంతులో ఏ మార్పూ లేకుండా, "ఆ పక్క రాళ్ళేసినారు కదేటి, కెరటం ఇటు తిరిగిపోనాది," అంది. రెండూ ఒకే ఊపిరిలో. ఆమెకి వాటి మధ్య పేచీ లేదు. మొక్కు తను తీర్చుకోవాల్సిన సంగతి, రాళ్ళు వాళ్ళు వేసిన సంగతి. మనమే మొదటి వాక్యాన్ని కళకీ రెండో వాక్యాన్ని న్యూస్‌పేపరుకీ పంచేసి, ఆమె నోట్లోంచి సగం మాటే తీసుకుంటాం.

ఇప్పుడు ఇంటి సంగతి. నీళ్ళ మీద పడే చూపుని ఇంటి మీదకి లాగాలంటే ఒక్కటే దారి, ఇల్లు కదలాలి. ఇల్లు ఎప్పుడు కదులుతుంది? కడుతున్నప్పుడు. సినిమాలో మొదటి నాలుగు నిమిషాలూ ఇల్లు కట్టడమే చూపించమంటున్నాను. అది కూడా చుట్టిల్లు. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో పాత జాలరి పల్లెలు చూసినవాళ్ళకి తెలుసు: గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు, ఆ కప్పు చూరు నేలకి ఎంత దగ్గరగా దిగుతుందంటే లోపలికి వంగి వెళ్ళాలి. మూలలు లేవు కాబట్టి గాలికి పట్టు దొరకదు, చూరు కిందకి ఉంది కాబట్టి కప్పు లేవదు. తుపాను గాలి తెలిసినవాళ్ళు తరతరాలుగా దిద్దుకుంటూ వచ్చిన డిజైన్ అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నెత్తిన దిగినప్పుడు అద్దాల మేడలు ఏమయ్యాయో చూశాం కదా.

అయితే చుట్టిల్లు గాలికి కట్టిన ఇల్లు. నీళ్ళకి కట్టింది కాదు. మట్టిగోడ పాదం తడిస్తే నానుతుంది, నానితే జారుతుంది. మా కథకి కావలసిన విషాదం అంతా ఇందులోనే ఉంది. తాతలు ఎదురు చూసిన శత్రువు గాలి, వచ్చింది ఇంకొకటి. ఈ ముక్క చూసేవాడికి తెలియాలంటే ముందు ఆ గోడ ఎలా లేచిందో చూసి ఉండాలి: మట్టి తొక్కడం, వరసలు పెట్టడం, ఒక వరస ఆరాక ఇంకో వరస, దూలం ఎక్కించడం, తాటాకు కట్టలు అందించేవాళ్ళ కేకలు, పేడతో అలకడం, మొదటి ముగ్గు. పాటలో ఇవన్నీ వరసగా రావాలి. జానపదంలో జాబితాలు ఊరికే ఉండవు, పెళ్ళి పాటలో సారె సామాను ఒక్కొక్కటే చెబుతారు, ఎవరూ విసుక్కోరు.

నాగార్జునసాగర్ కింద మునిగిపోయే లోయలోంచి బౌద్ధ కట్టడాల్ని విప్పి, తీసుకెళ్ళి, నాగార్జునకొండ మీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం కింద మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి ఆలంపురానికి తరలించారు. గొప్ప పని, చేయాల్సిన పని. రాయి కాబట్టి కుదిరింది. మట్టిగోడని అలా తీసుకెళ్ళలేం, దానికి చెక్కు ఇస్తారు. మట్టిగోడని తరలించగలిగేది పాట ఒక్కటే, కాకపోతే అది ఆ రాళ్ళ పనివాళ్ళంత శ్రద్ధగా ఏదీ వదలకుండా లెక్కపెట్టుకోవాలి. గోడకి కొట్టిన మేకు, ఆ మేకుకి తగిలించిన లాంతరు, గోడలో కట్టిన గూడు, గూట్లో దువ్వెన. మావాడు ఇక్కడ కాస్త మెత్తబడ్డాడు, ఎందుకంటే ఇవన్నీ బొమ్మ వేయడానికి అతనికీ ఇష్టమే.

యాస గురించి పెద్దగా వాదించను, అది తేలిపోయిన విషయం అనుకుంటున్నా. "సముద్రము పొంగెను" అని ఈ కథ పాడితే నేనే హాల్లోంచి లేచిపోతాను. ఫెస్టివల్ వాళ్ళకి సబ్‌టైటిల్స్ ఉంటాయి, వాళ్ళ బాధ వాళ్ళు పడతారు. పాడేది కూడా స్టూడియో గాయకులు కాకుండా జముకుల కథ చెప్పుకుని బతికేవాళ్ళే అయ్యుండాలి, వాళ్ళకి శాలువా కాకుండా డబ్బులివ్వాలి. ఇక్కడ ఎవరికీ పేచీ లేదు, బడ్జెట్‌కి తప్ప.

పేచీ ఉన్నది ముగింపు మీద. దాదాపు ఇలాంటి సినిమాలన్నీ కప్పు మునిగిపోవడంతో అయిపోతాయి. చివరి తాటాకు కూడా నీళ్ళ కిందకి పోతుంది, పాట ఆగుతుంది, పేర్లు పడతాయి. నేను చెప్పేది, ఇల్లు మునగడం కథ మధ్యలో రావాలి. ఇంకా మనుషులున్నారు కదా! ఆ రాత్రి వాళ్ళు స్కూలు వరండాలో పడుకున్నారు. తర్వాత బంధువుల ఇంట్లో, వాళ్ళ మొహాలు మారేదాకా. తర్వాత గాజువాక వైపో కంచరపాలెం వైపో ఒకే గది అద్దె. సముద్రానికి దూరంగా కాలనీలో ఇల్లిచ్చినా వల ఎక్కడ ఆరబెట్టాలి, తెల్లవారుజామున మూడింటికి ఒడ్డుకి ఎలా రావాలి, ఆటోకి ఎంత? జాలరి మేస్త్రీ దగ్గర కూలికి కుదురుతాడు, ఇంటావిడ అపార్ట్‌మెంట్లో గిన్నెలు తోముతుంది, వేసవిలో బిందెతో ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడుతుంది. నీళ్ళు ఇల్లు పట్టుకుపోయిన మనిషి నీళ్ళ కోసం క్యూలో నిలబడటం వంత కంట పడకుండా ఉంటుందా? ఈ భాగం గీస్తే అందంగా ఉండదని మావాడు అంటాడు. వెలుగు పడే అల లేదు, ఉన్నవి ప్లాస్టిక్ బిందెలూ సిమెంటు గోడలూ. సరిగ్గా ఈ నాలుగు నిమిషాలు లేకపోతేనే చూసినవాడు ఆ కుటుంబం ఇంటితో పాటే మునిగిపోయి శుభ్రంగా కథలో కలిసిపోయిందనుకుంటాడు. మునగలేదు, మన పక్క వీధిలోనే అద్దెకుంటున్నారు.

చివరికి ఒక వంతకి ఒప్పుకున్నాడు, ఇద్దరు కాదు, ఒకడే. మునిగాక నడిచే కథకి రెండు నిమిషాలు ఇస్తానంటున్నాడు, నేను నాలుగంటున్నాను. బేరం నడుస్తోంది. ఈలోగా విజయనగరం వైపు నుంచి జముకుల కథ చెప్పే పెద్దాయన్ని ఒకాయన్ని పిలిపించి స్క్రిప్టు మొత్తం చదివి వినిపించాం. ఆయన చుట్ట కాలుస్తూ మాట్లాడకుండా విన్నాడు, అలల షాట్లు ల్యాప్‌టాప్‌లో చూపిస్తే "బాగున్నాది" అన్నాడు. మా వాదన గురించి మాత్రం ఆయనకి పట్టింపే లేదు. ఒక్కటే అడిగాడు: "ఇంతకీ ఆళ్ళకి డబ్బులు ముట్టినాయా నేదా బాబూ? అది సెప్పకపోతే మా కాడ జనం లెగరు, తెల్లార్లూ కూకుంటారు."

దానికి మా ఇద్దరి స్క్రిప్టుల్లోనూ ఏమీ రాసి లేదు. ఆదివారం కూర్చుంటున్నాం.